గునపం ఎందుకు మారాడు

4, సోమవారం

పిల్లకు సెలవులు కదా అని మా ఆవిడ దాన్ని తీసుకుని తన చెల్లెలింటికి వెళ్ళింది. ఈ ఊళ్ళోనే, రెండు బస్సులు మారాలి. శనివారం సాయంత్రం వెళ్ళారు. ఇల్లు కాస్త ఖాళీగా ఉంది, అంతే.

మా ఆవిడ రంగులు వేసే బల్లను నడవలో పెట్టాను. అది ముందుగదిలో కిటికీ దగ్గర ఉండాలని మా ఆవిడ, వెనక వరండాలో ఉండాలని అక్క. నడవ రెంటికీ సరిగ్గా మధ్యలో ఉంటుంది కాబట్టి ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు.

మా బొమ్మల కంపెనీలో గునపం అనే రోబో సంగతి తేల్చేశారు. వాణ్ణి కూల్చుడు జట్టులోకి మార్చమని యజమాని చెప్పాడు. నేను రాసిచ్చిన ధరల పట్టీ చూసే చెప్పాడు. పట్టీలో తప్పేమీ లేదు, రెండుసార్లు సరిచూశాను. అయినా ఏదో తప్పు చేసినట్టుంది.

ఖర్చు: బస్సు. కాలికి రాసే మందు (అక్కకు. నడవలో బల్ల తగిలింది).

5, మంగళవారం

మొదటి నుంచి రాసుకుంటే నాకైనా తేలుతుందేమో చూస్తాను.

మా రోబో బొమ్మలు రెండు జట్లు. కావలి జట్టు మంచివాళ్ళు, నీలి కళ్ళు. కూల్చుడు జట్టు చెడ్డవాళ్ళు, ఎర్ర కళ్ళు. అమ్మేది మూడు రకాలుగా. చిన్న అట్ట, అంటే కొక్కేనికి వేలాడేది, పిల్లలు చేతి డబ్బులతో తామే కొనుక్కునేది. తర్వాత పెద్ద అట్ట. ఆ తర్వాత పెట్టె, అంటే పెద్దవాళ్ళు ఏడాదికి ఒకసారి కొనిపెట్టేది. పిల్లలు తమ డబ్బులతో మంచివాళ్ళనే కొంటారు. అందుకని మంచివాళ్ళంతా చిన్న అట్టల్లోకి వచ్చి చేరారు. పెట్టె కొనిచ్చే రోజున పిల్లల దగ్గర అప్పటికే మంచివాళ్ళు గుంపుగా ఉంటారు, వాళ్ళతో కొట్టుకోవడానికి ఒక పెద్దవాడు కావాలి. అందుకని చెడ్డవాళ్ళు పెట్టెల్లోకి వెళ్ళి పెద్దవాళ్ళయ్యారు.

మా యజమాని దీన్ని గొప్ప నీతి అనుకుంటాడు. చిన్నవాళ్ళు కలిసికట్టుగా ఉండి పెద్దవాణ్ణి ఓడిస్తారట. కంపెనీకి ఎవరొచ్చినా చెబుతాడు. నేను పక్కనే ఉంటాను, ఏమీ అనను. అది నీతేమో, నాకు తెలియదు. నాకు మాత్రం ధరల్లోంచి వచ్చినట్టే కనిపిస్తుంది.

పెట్టెలో ఉన్న మంచివాడు ఒక్క గునపమే. మట్టి తవ్వే యంత్రం, విప్పితే మనిషి అవుతాడు. రెండేళ్ళుగా అంగళ్ళలో కదలడం లేదు. నల్ల ప్లాస్టిక్కు మిగిలి ఉంది. అచ్చు మార్చక్కర్లేదు, రంగు మార్చి కళ్ళు ఎర్రగా వేస్తే చాలు. ఇదంతా నేనే పట్టీలో రాశాను. మంచివాడు చెడ్డవాడవుతాడని మాత్రం రాయలేదు.

మధ్యాహ్నం కథలమ్మాయి నా గదికి వచ్చింది. అట్టల వెనక ఒక్కో బొమ్మ గురించి నాలుగు వాక్యాలు రాయడం ఆ అమ్మాయి పని. నన్ను బాబాయ్ అంటుంది, ఎందుకో మొదటి రోజు నుంచీ అంతే.

"బాబాయ్, వీడు జట్టు ఎందుకు మారాడో ఒక్క ముక్క చెప్పండి. మిగతాది నేను అల్లుకుంటా."

"పెట్టె అమ్ముడుపోలేదమ్మా."

"అది మనకి. వాడికేమైంది?"

"వాడికేమవుతుంది, ప్లాస్టిక్కు."

"అలా అనకండి. ఖర్చని చెప్పి వాడి మోకాలి కీళ్ళు తీయించేసింది మీరే కదా. 'ఎవరి ముందూ మోకాలు వంచడు' అని రాసి నేను పరువు నిలబెట్టాను. పిల్లలకి ఇప్పుడు అదే ఇష్టం. ఆ చిన్న అట్ట చిటికెగాడి గుప్పిట్లో కత్తి పట్టే చిల్లు ఎగరగొట్టారు. 'ఆయుధం ముట్టనని ఒట్టేసుకున్నాడు' అన్నాను. మీరు ఏది కోస్తే అది వాళ్ళ గుణమైపోతోంది. ఈసారి ఏకంగా జట్టే కోశారు. నాకు తట్టడం లేదు. మీరే చెప్పాలి."

రేపు చెబుతానన్నాను.

ఖర్చు: బస్సు. కూరగాయలు (నలుగురికి తెచ్చాను, పొరపాటున. ఉన్నది ఇద్దరమే).

6, బుధవారం

ఏమీ తోచలేదు. చెప్పలేదు.

7, గురువారం

పిల్ల ఫోన్ చేసింది. మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకుంటున్నాను.

"నాన్నా, ఆఫీసు అంకుల్ గునపం తలకాయలు తెచ్చాడు. డబ్బా నిండా."

నమూనా బొమ్మల కళ్ళు వేసేది మా ఆవిడే. ఇంకో రెండు వారాల్లో అంగళ్ళవాళ్ళకు చూపించాల్సినవి. ఆఫీసువాళ్ళు చెల్లెలింటికే పంపారన్నమాట. అడ్రసు వాళ్ళకెలా తెలిసిందో. ఆవిడే చెప్పి ఉంటుంది.

"మంచిది. వేస్తోందా?"

"వెయ్యనంటోంది. ఎర్ర రంగు మూతే తియ్యలేదు."

"ఎందుకట?"

"వాడు ఎందుకు మారాడో చెప్తే వేస్తుందట. పట్టీ రాసింది మీ నాన్నే కదా, ఆయన్నే అడుగు అంది. ఎందుకు మారాడు నాన్నా?"

"అమ్మకివ్వు ఫోను."

అడుగుల చప్పుడు వెళ్ళి మళ్ళీ వచ్చింది.

"అమ్మ పనిలో ఉందట."

"ఏం పని?"

"ఊరికే కూర్చుంది."

ఆ తర్వాత పిల్ల తన గునపం గురించి చెప్పింది. నీలి కళ్ళది, మొదటి నమూనా, దాని తల్లి స్వయంగా వేసింది. దాన్ని దిండు కింద దాచిందట, ఎవరైనా వచ్చి కళ్ళు మార్చేస్తారని. ఎవరూ మార్చరని చెప్పాను. "నువ్వు చెప్పావా వాళ్ళకి?" అంది. ఎవరికో, ఏమనో నాకు అర్థం కాలేదు. ఆఁ అన్నాను.

8, శుక్రవారం

బల్ల తగిలి నా మోకాలు వాచింది. అక్క చూసింది. నవ్వలేదు, పలకరించనూ లేదు.

ఖర్చు: అదే మందు, ఇంకొకటి.

9, శనివారం

ఒక దారి దొరికిందనుకున్నాను. పొద్దున్నే యజమాని దగ్గరికి వెళ్ళి చెప్పాను. నాలుగైదు మాటలకు మించి నేను మాట్లాడటం ఆయన ఎప్పుడూ చూడలేదేమో, కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

గునపాన్ని ఏ జట్టులోనూ వేయకుండా వదిలేద్దామన్నాను. కళ్ళు తెల్లగా ఉంచి, రెండు జట్ల గుర్తులూ పెట్టెలో వేద్దాం. ఏది అంటించుకోవాలో పిల్లలే చూసుకుంటారు. అదనంగా పడేది ఒక్క అంటుడు కాగితం ఖర్చే.

"బాగానే ఉంది కానీ, ఏ గోడ దగ్గర పెడతారయ్యా?" అన్నాడు. "అంగట్లో ఒక గోడ నీలం, ఒక గోడ ఎరుపు. వీణ్ణి ఎక్కడ పెట్టమంటావు, నడవలోనా?"

నేను చేతిలోని కాగితం మడిచాను.

"నడవలో తట్ట ఉంటుంది చూశావా? ఎటూ కానివి అందులో పడేసి సగం ధరకు అమ్ముతారు. అక్కడికే పోతాడు నీ గునపం. లెక్కలు వేసేవాడివి, నేనా నీకు చెప్పాలి?"

నిజమే. నాకే తట్టి ఉండాలి.

ఇంటికి వచ్చి నడవలోంచి వెళుతూ బల్లను చూశాను. దాని మీద అక్క ఎండిన బట్టల మూట పడేసింది. ఎవరో నా పాత గొడుగు కూడా పెట్టారు. నేనే పెట్టానేమో.

10, ఆదివారం

బొమ్మల అంగడికి వెళ్ళాను, తట్ట చూడటానికి. కంపెనీ పనే.

యజమాని చెప్పినట్టే రెండు గోడల మధ్య దారిలో ఉంది. చక్రం పోయిన కార్లు, ఒక చెవి లేని కుందేలు, నొక్కుపడ్డ పెట్టెలు. అడుగున గునపం, నీలి కళ్ళతో, పెట్టె ఒక మూల చినిగి. ఒక చిన్నపిల్ల వాణ్ణి పైకి తీసి, "వీడు ఎవరి జట్టు?" అని అడిగింది. అంగడివాడు తల తిప్పకుండా, "ఎవరి జట్టూ కాదమ్మా, తగ్గింపు ధర" అన్నాడు. ఆ పిల్ల జాగ్రత్తగా మళ్ళీ పడుకోబెట్టింది.

అక్కణ్ణుంచి మరదలి ఇల్లు రెండు వీధుల అవతల. అటువైపు గాలి బాగుంటుందని కాసేపు నడిచాను. వాళ్ళ వీధి మొదట్లో మందుల కొట్టు దగ్గర నిలబడ్డాను. మేడ మీద తీగకు పిల్ల గౌను ఆరేసి ఉంది. మోకాలికి మందు ఇంట్లో ఉంది కదా అని గుర్తొచ్చి తిరిగి వచ్చేశాను.

ఖర్చు: బస్సు, రానూ పోనూ. గునపం ఒకటి, తగ్గింపు ధరకు. ఎందుకు కొన్నానో తెలియదు. మా గోడౌన్లో నాలుగు గదుల నిండా ఉన్నాయి.

11, సోమవారం

పొద్దుటి నుంచి కారణాలు రాస్తూ కూర్చున్నాను. దెబ్బ తగిలి పాత సంగతులు మరిచిపోయాడని ఒకటి. శత్రువులు మందు పెట్టారని ఒకటి. రోబోకు మందేమిటని అదీ కొట్టేశాను. కథలమ్మాయి ఒక్కోటి చదివి పెదవి విరిచింది.

"అన్నిట్లోనూ ఎవరో వచ్చి వాణ్ణి మార్చేస్తున్నారు బాబాయ్. వాడు ఏమీ చెయ్యడా?"

"చెయ్యడు. వాడు అలా నిలబడి ఉంటాడు. మోకాళ్ళు లేవు కదా."

ఆ అమ్మాయి నవ్వింది. నేను నవ్వించాలని అనలేదు.

"సరే, నేనొకటి అడుగుతాను" అన్నాను. "ఎవరైనా ఉన్నచోటు వదిలి ఎందుకు వెళ్ళిపోతారు?"

"వెళ్ళినవాళ్ళని అడగాలి. లేకపోతే వెళ్ళేటప్పుడు ఉన్నవాళ్ళు ఏమన్నారో చూడాలి."

"ఏమీ అనలేదు."

"ఎవరు?"

"కావలి జట్టు."

కథలమ్మాయి పెన్ను మూత పెట్టి నా వైపు చూసింది. "పిన్నిగారు ఎప్పుడొస్తున్నారు బాబాయ్?" అంది.

పిల్లకు సెలవులని చెప్పాను.

12, మంగళవారం

సెలవులకు వెళ్ళేవాళ్ళు ముందు రంగులు సర్దుకోరు.

ఆవిడ ముందు కుంచెలు గుడ్డలో చుట్టింది, తర్వాత రంగు సీసాలు, చివరికి బట్టలు. ఆ శనివారం నేను గుమ్మంలో నిలబడి అంతా చూశాను. ఇక్కడ అలా రాయలేదు. పైన పేజీ తిప్పి చూస్తే "పిల్లకు సెలవులు కదా" అని ఉంది. సెలవులు నిజమే, అందుకని కొట్టేయలేదు.

జరిగింది ఇది. అక్క ముప్పై ఏళ్ళు టికెట్ల కౌంటరులో పని చేసి ఈమధ్యే దిగిపోయింది. అన్నేళ్ళు కిటికీ వెనక కూర్చుని, వచ్చే ముఖాన్నీ పోయే ముఖాన్నీ చూసింది. ఇప్పుడు ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేకపోతోంది. నన్ను పెంచింది అక్కే, చదువు చెప్పించలేకపోయానని ఇప్పటికీ బాధపడుతుంది. ముందుగది కిటికీ దగ్గర కుర్చీ వేసుకుంటే తనకు రోజు గడుస్తుంది. అక్కడ మా ఆవిడ బల్ల ఉంది. ఆ వెలుతురు లేకపోతే ఆవగింజంత కన్నులో చుక్క పెట్టలేదు. ఒకరోజు మా ఆవిడ బజారుకు వెళ్ళి వచ్చేసరికి అక్క బల్లను వరండాలోకి లాగించేసింది. రంగుల వాసన పడటం లేదంది.

సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి ఇద్దరూ ముందుగదిలో నిలబడి ఉన్నారు. అక్క చేతిలో గరిటె ఉంది.

"బల్ల ఎక్కడుండాలో మీరే చెప్పండి" అంది మా ఆవిడ.

"చెప్పరా" అంది అక్క.

నేను చెప్పులు విప్పాను. విప్పినవాటిని సరిగ్గా పక్కపక్కన పెట్టాను. తర్వాత, "రెండు చోట్లా బాగానే ఉంటుంది" అన్నాను.

మా ఆవిడ నవ్వింది. "ఖర్చు తగ్గించడానికి మీకూ మాట పెట్టె తీయించేశారండీ" అంది. మాట్లాడే బొమ్మల్లో మేము అమర్చే చిన్న పెట్టె అది. మొట్టమొదట తీయించేది దాన్నే.

అంతే. అరుపులు లేవు. తర్వాత కుంచెలు సర్దింది.

నేను ఎవరివైపూ మాట్లాడలేదు, ఎవరినీ ఏమీ అనలేదు. ఎంత ఆలోచించినా నా తప్పు దొరకడం లేదు.

13, బుధవారం

ఆఫీసుకు మా ఆవిడ కబురు పంపింది. నాకు కాదు, కథలమ్మాయికి. డబ్బా ఇంకా తన దగ్గరే ఉందని, కారణం వస్తే ఒక్క రోజులో వేసిస్తానని. యజమాని చిరాకు పడ్డాడు. "ఏమిటయ్యా, ఇంట్లో చెప్పుకోలేవా?" అన్నాడు. వచ్చే బుధవారానికి నమూనాలు కావాలట. వేరేవాళ్ళకు ఇవ్వమంటావా అన్నాడు.

వద్దన్నాను. వెంటనే అన్నాను, గట్టిగా. ఆయనా ఆశ్చర్యపోయాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు దిగి రోడ్డుకు అవతలే కాసేపు నిలబడ్డాను. అక్క కిటికీలో కూర్చుని ఉంది. నన్ను చూసి చెయ్యి ఊపింది, బల్ల తగిలినప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదన్న సంగతి మరిచిపోయి. గుర్తొచ్చినట్టుంది, దించేసింది. ఆ కిటికీకి ఈ పక్కన ఇంకొక కిటికీ ఉంది, తలుపులు మూసి, దుమ్ము పట్టి. మా ముందుగదికి రెండు కిటికీలు. ఈ ఇంట్లోకి వచ్చినప్పటి నుంచీ రెండే.

లోపలి నుంచి చూస్తే ఒక్కటే ఉంటుంది. రెండోదానికి అడ్డంగా నా ఇనుప బీరువా ఉంది. అందులో కంపెనీ వేసిన ప్రతి బొమ్మా ఒక్కొక్కటి, నా పాత పట్టీలు, ఏనాటివో డైరీలు. వాళ్ళిద్దరూ ఒక్క కిటికీ కోసం తగువులాడుతుంటే నేను మధ్యలో ఉన్నాననుకున్నాను. నేను ఒక కిటికీని మొత్తంగా మింగి కూర్చున్నాను.

నా పట్టీలో ప్లాస్టిక్కు ఉంటుంది, రంగు ఉంటుంది, మరలు, అట్ట, అంటుడు కాగితం అన్నీ ఉంటాయి. పట్టీ రాసేవాడి జీతానికి గడి లేదు. ఎవరూ పెట్టమనలేదు, నేనూ పెట్టలేదు.

ఇంకొకటి. నడవలోకి వెలుతురు రాదు. వరండాలోకీ రాదు. బల్ల నడవలో ఉన్నా వరండాలో ఉన్నా మా ఆవిడకు ఒకటే, కళ్ళు వేయలేదు. అంటే నేను మధ్యలో పెట్టలేదు. అక్క వైపే పెట్టాను. నాకు తెలియకుండానే. ఇది ఎలా జరిగిందో మళ్ళీ మళ్ళీ ఆలోచించాను. నడవ కొలత సరిగ్గానే ఉంది.

14, గురువారం

సెలవు పెట్టాను.

బొమ్మలన్నీ తీసి నేల మీద పరిచాను. ఎప్పుడూ ఇలా అందరినీ ఒకచోట చూడలేదు. మంచివాళ్ళంతా నా చిటికెనవేలంత, చెడ్డవాళ్ళంతా మోచేయంత. అక్క తన కుర్చీలోంచి చూస్తూనే ఉంది, ఏమిటని అడగలేదు. ఖాళీ బీరువాను కొంచెం కొంచెంగా జరిపి నా మంచం ఉన్న గదిలోకి తోశాను. కిటికీ గడియ తుప్పుపట్టి ఉంది, సుత్తితో కొడితే వచ్చింది. తలుపులు తెరిస్తే సగం పక్కింటి గోడ, సగం బస్టాపు.

తర్వాత అక్క ముందు నిలబడ్డాను. చెప్పవలసింది పొద్దుటి నుంచి మనసులో అనుకుంటూనే ఉన్నాను, తీరా నోరు తెరిస్తే వరస తప్పింది.

"బల్ల ఈ కిటికీ దగ్గరే ఉంటుంది అక్కా."

"అంటే నన్ను లెమ్మంటున్నావు."

కాదు అనబోయాను. "అవును" అని వచ్చింది.

"ఆవిడ చెప్పమందా?"

"దానికి తెలియదు. నేనే అంటున్నాను. కళ్ళు వేసేది వెలుతురు ఉంటేనే కుదురుతుంది. నువ్వు ఆ రెండోదాని దగ్గర కూర్చో."

"అందులోంచి ఏం కనిపిస్తుంది నాకు, పక్కింటి గోడా?"

"సగమే గోడ. మిగతాది బస్టాపు."

"నిన్ను పెంచి ఇంతవాణ్ణి చేసినందుకు సగం గోడ."

దానికి ఏం చెప్పాలో నేను అనుకుని ఉంచుకోలేదు. "అవునక్కా" అన్నాను. "బల్ల మాత్రం ఇక్కడే."

అక్క లేచి తన గదిలోకి వెళ్ళింది. తలుపు మాత్రం వేసుకోలేదు. బల్లను నేనొక్కణ్ణే లాగాను. గడప దగ్గర ఒక కాలు గీసుకుపోయింది.

అక్క అన్నానికి రాలేదు. ఇది తప్పేమో. ఎవరో ఒకరు బాధపడకుండా బల్ల పెట్టే చోటు ఆ గదిలో ఎక్కడా లేదు, ముందే కొలిచి చూశాను. ఆ మాట కూడా చెప్పి ఉండాల్సింది.

15, శుక్రవారం

సాయంత్రం వచ్చేసరికి అక్క కుర్చీ రెండో కిటికీ దగ్గర ఉంది, అక్క అందులో ఉంది.

"ఐదో నంబరు బస్సు ఇవాళ కూడా ఆలస్యం" అంది, నా వైపు చూడకుండా. తర్వాత కాసేపటికి, "ఈ మాట ఆ రోజే అని ఉంటే నా కాలివేలు దక్కేది కదరా" అంది.

వేలు ఇంకా వాచే ఉందా అని అడిగాను. లేదంది. మరి ఎందుకన్నదో తెలియదు.

16, శనివారం

మరదలి ఇంటికి వెళ్ళాను. ఈసారి మందుల కొట్టు దగ్గర ఆగలేదు.

తలుపు తీసింది మరదలే. "రండి బావగారూ, గౌను ఆరిందో లేదో చూడటానికి వచ్చారా?" అంది. ఆదివారం మేడ మీంచి చూసిందట. పిల్ల వచ్చి నా నడుం పట్టుకుంది. దాని చేతిలో నీలి కళ్ళ గునపం ఉన్నాడు, వాడి భుజం నా మోకాలికి తగిలింది, వాచినచోటే.

మా ఆవిడ లోపల కిటికీ దగ్గర నేల మీద కూర్చుని ఉంది. ముందు తలకాయల డబ్బా. ఎర్ర రంగు మూత తీయలేదు.

జేబులోంచి చీటీ తీసి ఇచ్చాను. అందులో రెండే వాక్యాలు. "ఎటువైపూ కానని మధ్యలో నిలబడ్డాడు. నిలబడిన చోటు కూల్చుడు జట్టుదని వాడికి తెలియదు."

చదివింది. మళ్ళీ, ఈసారి పైకే చదివింది.

"ఇది ఎవరు రాశారు?"

"నేను."

"కథలమ్మాయి దిద్దలేదా?"

"ఇంకా చూపించలేదు."

"ఇది వాడి సంగతి కాదు."

"కాదు" అన్నాను.

చీటీని మడిచి కుంచెల గుడ్డలో పెట్టింది. ఎర్ర సీసా మూత తిప్పడం మొదలుపెట్టింది, బిగుసుకుపోయి ఉంది. నా చేతికిచ్చింది. తీసి ఇచ్చాను.

పిల్ల అడ్డం వచ్చింది. "అయితే వాడికి తెలిశాక మళ్ళీ మంచోళ్ళలోకి వస్తాడా నాన్నా?"

అబద్ధం చెప్పడం ఇష్టం లేకపోయింది. "ఎర్ర కళ్ళతో బాగా అమ్ముడుపోతే రాడమ్మా. అమ్ముడుపోకపోతే వస్తాడు."

మా ఆవిడ కుంచె పక్కన పెట్టేసి నవ్వింది. ఆ శనివారం నవ్విన నవ్వు కాదు ఇది, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. "మీకు మాట పెట్టె పెట్టినా లోపల పట్టీయే ఉంటుంది" అంది. పిల్ల నవ్వలేదు. తన గునపాన్ని వీపు వెనక్కి దాచుకుంది.

ఒక కన్ను వేసింది, ఊదింది, రెండోది వేసింది. వేస్తూ తల ఎత్తకుండా అడిగింది.

"బల్ల ఎక్కడుంది?"

"కిటికీ దగ్గర."

"ఎవరు పెట్టారు?"

"నేనే."

"వదినగారికి చెప్పారా?"

"చెప్పాను."

"ఏమని?"

అన్నదంతా చెప్పాను, సగం గోడతో సహా. వరస తప్పిందని కూడా చెప్పాను. కుంచె గాల్లోనే ఆగిపోయింది.

"పాపం, సగం గోడేనా?" అంది.

ఎవరివైపు మాట్లాడుతోందో నాకు బోధపడలేదు.

"సోమవారం వస్తాం. ఇవి ఆరాలి కదా" అంది.

ఖర్చు: బస్సు. మరదలి ఇంటికి పళ్ళు.

18, సోమవారం

వచ్చారు. మా ఆవిడ ఇల్లంతా చూసింది, రెండో కిటికీ చూసింది, బీరువా లేని గోడ మీద మిగిలిన తెల్లటి మచ్చ చూసింది. బల్ల మీద చెయ్యి వేసి, "ఇంకొక జానెడు ఎడమకు" అంది. జరపబోతే అవతలి వైపు బరువు తేలికైంది. అక్క పట్టుకుంది. 

కంపెనీలో ఆ రెండు వాక్యాలే ఇంకో చీటీ మీద రాసిచ్చాను, కథలమ్మాయి రెండుసార్లు చదివింది. తర్వాత అట్ట మీద చోటు చాలదంది. యజమాని, పిల్లలకు అర్థం కాదన్నాడు. చివరికి "కోపమొచ్చి జట్టు మారాడు" అని వేస్తున్నారు. అచ్చుకు పంపే కాగితం మీద సరిచూసినట్టు నేనే సంతకం పెట్టాను.

వాడికి కోపం ఎక్కడిదో నాకు తెలియదు.

20, బుధవారం

నమూనాలు వెళ్ళాయి. అంగళ్ళవాళ్ళకు ఎర్ర కళ్ళ గునపం బాగా నచ్చాడట. పిల్లకు ఇంకా చెప్పలేదు. రేపు చెప్పాలి.

సాయంత్రం బల్ల మీద ఎర్ర రంగు ఒలికింది. మా ఆవిడ వంటింట్లో ఉంది. అక్క తన కుర్చీలోంచి లేచి, తన పాత చీర ముక్క తెచ్చి, తుడిచి వెళ్ళి కూర్చుంది. రంగుల వాసన పడదన్నది అక్కే. ఎందుకు తుడిచిందో అర్థం కాలేదు. అడగలేదు.

పై వాక్యం రాశాక డైరీ పక్కన పెట్టి వెళ్ళి అడిగాను.

"ఆరిపోతే పోదు కదరా" అంది. బస్టాపు వైపు చూస్తూ, "కూర్చో" అంది.

కూర్చున్నాను.